జతపట్టీ

జోషితకు నాలుగోసారి మత్తు ఇచ్చిన రోజు ఆ పిల్లను పట్టుకోవడానికి నలుగురం కావలసి వచ్చింది. ఐదేళ్ళ పిల్ల. బరువు పదమూడు కిలోలు. ఒక నర్సు కాళ్ళు పట్టుకుంది, ఇంకో నర్సు చేతులు, టెక్నీషియన్ తల. మాస్కు నా చేతిలో ఉంది. మత్తు డాక్టరును నేనే కదా.

ఆ పిల్లకు గొంతులో పులిపిర్లు పెరిగే జబ్బు. అందుకే అరవడానికి గొంతు లేదు. నోరు పూర్తిగా తెరిచి, మెడ నరాలు ఉబ్బేలా అరుస్తుంది, గాలి చప్పుడు తప్ప ఏమీ రాదు. బిగ్గరగా ఏడ్చే పిల్లలకు నేను అలవాటు పడ్డాను గానీ ఆ చప్పుడు లేని అరుపుకు ఎప్పటికీ అలవాటు పడలేదు.

పులిపిర్లు ఊపిరి దారిని మూసేసేలోగా, ఆరేడు వారాలకోసారి మత్తు ఇచ్చి వాటిని తీసేయాలి. మళ్ళీ పెరుగుతాయి. మళ్ళీ తీయాలి. పెద్దయ్యేకొద్దీ చాలామందిలో నెమ్మదిస్తుంది. అప్పటిదాకా ఎన్నిసార్లు అంటే ఎవరూ చెప్పలేరు. ఈ పిల్లకు గింజుకునే కొద్దీ గొంతు బిగుసుకుపోయేది. ఆ రోజు పెదవులు నీలంగా మారాయి. అర నిమిషం ఆలస్యమైతే ఏమయ్యేదో నాకు తెలుసు.

ఆపరేషన్ అయ్యాక బయటికి వచ్చేసరికి వాళ్ళ నాన్న నూకరాజు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. వెడల్పాటి భుజాలు, ఉప్పునీటికి పాలిపోయిన జుట్టు.

"డాక్టరమ్మా, నేను లోపలికొత్తే ఏటైనా ఇబ్బందా?" అన్నాడు.

"తల్లిదండ్రులను లోపలికి రానివ్వమండీ. చూసి తట్టుకోలేక పడిపోతారు. అప్పుడు పిల్లను చూసుకోవాలా, మిమ్మల్ని చూసుకోవాలా?"

"నేను పడిపోను. ఓడల కింద పనిచేసీవోణ్ణి."

విశాఖ హార్బరులో లంగరేసిన ఓడల అడుగున అంటుకున్న గుల్లల్ని గీకే డైవర్ అతను. మొహానికి మాస్కు, వీపు వెనక గాలి గొట్టం, చుట్టూ మురికి నీళ్ళు, నెత్తిమీద ఇరవై వేల టన్నుల ఇనుము. అలా రోజుకు నాలుగు గంటలు. నీటి కింద కంగారుపడినవాడు బతకడు కాబట్టి ఊపిరిని అదుపులో పెట్టుకోవడం అతనికి నడక లాంటిది.

ఆ మాట విన్నాకే నేను ఫరీద్ గదికి వెళ్ళాను.

ఫరీద్ మా ఆసుపత్రి పరిశోధన విభాగంలో ఇంజనీరు. అప్పటికి మూడేళ్ళుగా రెండు మెత్తటి పట్టీలతో కుస్తీ పడుతున్నాడు. ఒకటి పెద్దవాళ్ళ నుదుటికి, ఇంకోటి పిల్లల నుదుటికి. తల్లి ఒళ్ళో పడుకున్న పసిబిడ్డ ఊపిరి కాసేపటికి తల్లి ఊపిరితో కలుస్తుంది కదా, అదే పనిని ఈ పట్టీలు మెదడు స్థాయిలో, నిమిషంలో చేస్తాయి. పెద్దవాళ్ళ మెదడులోని నెమ్మది లయను చదివి పిల్ల మెదడుకు అందిస్తాయి. మేము దానికి జతపట్టీ అని పేరు పెట్టుకున్నాం. ప్రయోగ అనుమతి అప్పుడే వచ్చింది. కావలసిందల్లా కదలని మనసున్న ఒక తండ్రో తల్లో.

ఐదోసారి నూకరాజు ఆకుపచ్చ గౌను తొడుక్కుని లోపలికి వచ్చాడు. కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఇద్దరి నుదుళ్ళకు పట్టీలు కట్టి ఫరీద్ స్విచ్ నొక్కాడు. పిల్ల మాస్కును చూసి వెనక్కి ముడుచుకుంది. నూకరాజు కళ్ళు మూసుకుని, నీళ్ళలోకి దిగేముందు తీసుకునే లాంటి ఊపిరి ఒకటి తీసుకున్నాడు. తెర మీద రెండు గీతలు కనిపిస్తున్నాయి. పైది అతనిది, కిందది పిల్లది. కింది గీత గంతులేస్తూ గంతులేస్తూ, మెల్లగా పై గీత వెంట నడవడం మొదలుపెట్టింది. పిల్ల భుజాలు దిగాయి. మాస్కు పెట్టాను. ఎప్పుడూ ఇచ్చేదాంట్లో సగం మత్తుకే నిద్రపోయింది.

ఎవరూ చేతులు పట్టుకోలేదు. ఇద్దరు నర్సులూ గోడ దగ్గర ఖాళీగా నిలబడ్డారు. వాళ్ళలో పెద్దావిడ కళ్ళు తుడుచుకోవడం చూశాను.

మెలకువ వచ్చాక జోషితకు మాస్కు సంగతే గుర్తులేదు. "నాన్న ఒళ్ళో పడుకున్నాను" అని మాత్రం గుసగుసగా చెప్పింది.

ఏడాదిన్నరలో ఆ తండ్రీకూతుళ్ళకు పదిసార్లు జతపట్టీ కట్టాం. మిగతావాళ్ళు అరవై ఇద్దరు. వాళ్ళంతా హెర్నియాకో టాన్సిల్స్‌కో ఒకసారో రెండుసార్లో వచ్చి వెళ్ళినవాళ్ళు. ఆపరేషన్ అయిన వారానికి అందరికీ ఫోన్ చేసి అడిగేవాళ్ళం. పిల్ల నిద్రపోతోందా? పక్క తడుపుతోందా? తెల్లకోటు చూస్తే ఏడుస్తోందా? ఇరవై రెండు ప్రశ్నలు. అన్నీ పిల్లల గురించే. ఆ ప్రశ్నలు రాసింది నేను. సమాధానాలన్నీ ఎంత బాగున్నాయంటే, ఒక పెద్ద సభలో చదవడానికి వ్యాసం కూడా సిద్ధం చేసుకున్నాను.

పదోసారి తర్వాత రెండు వారాలకు, ఓపీ పూర్తయ్యే వేళకు, నూకరాజు భార్య సత్యవేణి ఒక్కతే వచ్చింది. చేపల రేవులో రొయ్యలు ఒలిచే షెడ్డులో పని ఆమెకు. పని నుంచి నేరుగా వచ్చినట్టుంది, చేతి వేళ్ళు నీళ్ళకు ముడతలు పడి ఉన్నాయి. పిల్లకేమైనా అయిందా అని అడిగాను.

"దానికేటీ లేదండి, ఇస్కూలుకి ఎల్లింది. ఆయనకే బాగోలేదు. నేనొచ్చినట్టు ఆయనకి సెప్పకండి."

కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"తలుపులేసుకుని పడుకోలేడండి. మొన్నటిదాకా ఉక్కపోత అనుకున్నాను. తలమీంచి నీళ్ళు పోసుకోడు, తువ్వాలు తడిపి మొగం తుడుసుకుంటాడు. హెల్మెట్ పెట్టుకోలేక బండి తియ్యడం మానేశాడు. పిల్ల నవ్వుతా ఎనకాలనించొచ్చి నాన్న కళ్ళు మూసిందండీ, ఎప్పుడూ ఆడీ ఆటే. ఈయన దాన్ని ఇసిరేశాడు. గోడకి తగిలింది. తరవాత దాని కాళ్ళు పట్టుకుని ఏడిశాడు."

"డైవింగ్‌కు వెళ్తున్నాడా?"

"అదే సెప్పడానికొచ్చాను."

అంతకుముందు మంగళవారం ఒక బొగ్గు ఓడ కింద, ఎనిమిది మీటర్ల లోతులో పని చేస్తున్నాడు నూకరాజు. పడవ మీద గాలి గొట్టం చూసుకునే ఎల్లాజీకి గొట్టం వదులుగా ఆడటం తెలిసింది. తాడు లాగితే జవాబు లేదు. పైకి లాగేసరికి నూకరాజు మొహం మీద మాస్కు లేదు. గొట్టం తెగలేదు, గాలి ఆగలేదు. అతనే తన చేతులతో ఊడబీక్కున్నాడు. రెండు దోసిళ్ళ నీళ్ళు కక్కాక అతను ఎల్లాజీతో అన్న మొదటి మాట, "ఇంట్లో సెప్పకు."

ఎల్లాజీ చెప్పాడు.

ఆ సాయంత్రమే ఫరీద్‌ను కూర్చోబెట్టాను. జతపట్టీ ఒకవైపే పనిచేయదు. పిల్ల లయ ఎంత దూరంలో ఉందో తెలిస్తేనే తండ్రి మెదడు దానికి చేయి అందించగలదు. అందుకని పిల్ల వైపు నుంచి తండ్రికి సన్నటి తిరుగుదారి ఒకటి ఉంది. నూటికి మూడు వంతులు కూడా ఉండదు. దాన్ని మేమెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

"మూడు శాతం మేడమ్. చెవిలో చీమ నడిచినంత కూడా ఉండదు" అన్నాడు ఫరీద్.

"పదిసార్లు, ఒకే చీమ, ఒకే చెవి. ఆ పది రికార్డులూ నాకు పెట్టు."

"మీకా? రూల్స్ ఒప్పుకోవు."

"ఒప్పుకోకపోతే నా మీద రాయి."

పట్టీ కట్టుకుని కుర్చీలో వెనక్కి వాలాను. పది రికార్డుల్లోంచి మాస్కు పెట్టే నిమిషాలను మాత్రమే కలిపి, నూకరాజు వైపు ఏం వచ్చిందో దాన్నే నా పట్టీలోకి పంపాడు. బొమ్మలేమీ కనిపించలేదు. మొదట పెద్దగా ఏమీ తెలియలేదు కూడా. మూడో నిమిషానికి ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టయింది. ఐదో నిమిషానికి గదిలో గాలి అయిపోతోందని ఖాయంగా అనిపించింది. కిటికీ తెరిచే ఉందని నాకు తెలుసు. తెలిసినా లాభం లేదు. చాలు అని చెప్పడానికి నోరు రాలేదు. పట్టీ లాగేద్దామని చేయి ఎత్తాను. నా మొహం మీదికి వస్తున్న నా అరచేతిని చూసి గట్టిగా కేక పెట్టాను.

ఇరవై ఏళ్ళుగా ఈ చేత్తోనే పిల్లల మొహాల మీద మాస్కు పెడుతున్నాను. అవతలి నుంచి అది ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

ఫరీద్ నీళ్ళు ఇచ్చాడు.

"పిల్ల భయం పోయిందనుకున్నాం. పోలేదు. ఆయన దగ్గరికి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఆమెకు గుర్తుండాల్సింది ఆయనకు గుర్తుంది" అన్నాను.

"తిరుగుదారి తీసేస్తే?"

"నువ్వే చెప్పు."

"జత కుదరదు" అన్నాడు.

ప్రయోగాన్ని ఆపేస్తున్నట్టు మర్నాడు ఉదయం, దానికి అనుమతి ఇచ్చిన కమిటీకి ఉత్తరం రాశాను. ఒక్క తండ్రి విషయంలో జరిగినదానికి అరవై ఇద్దరి ఫలితాలు పక్కన పెడతారా అని అడిగారు. ఆ అరవై ఇద్దరు పిల్లల తల్లిదండ్రులను వాళ్ళ సంగతి మనం ఏమీ అడగలేదు కదా అన్నాను. తర్వాత మేము ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. పదకొండు మంది తమకు లిఫ్ట్ ఎక్కడం కొత్తగా ఇబ్బందిగా ఉందని చెప్పారు. వయసు వల్ల అనుకున్నారట.

నూకరాజును పిలిపించాను. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. నాకు ఏం తెలిసిందో, ఎలా తెలిసిందో దాచకుండా చెప్పాను. తప్పు నాదని కూడా చెప్పాను. అతను తలొంచుకుని విన్నాడు. చివరికి అన్నాడు.

"నాకు మూడోసారికే తెలిసిందమ్మా."

"ఏమిటి?"

"ఇది నాకొచ్చేత్తందని. మూడోసారి అయ్యాక, దాని మొగం పువ్వులాగుంది, నాకు గుండె దడ. అప్పుడే అనుకున్నాను, ఓహో, ఇలాగన్నమాట అని. ఆ భయం ఎవులో ఒకలు మొయ్యాలి కదా. అది సిన్నగుంట. నేను పెద్దోణ్ణి."

"చెప్పి ఉంటే..."

"సెప్తే ఆపేత్తారు. ఇప్పుడాపేత్తన్నారు కదా. మళ్ళీ దాన్ని నలుగురు పట్టుకోవాల, పెదాలు నీలంగా అవ్వాల. నేను సముద్రం పని మానేత్తాను. రిచ్చా తొక్కుకుంటాను. మీరు మాత్రం ఆపకండి."

సత్యవేణి అంది, "ఆ పట్టీ నాకు కట్టండి. కొన్నాళ్ళు నేను మోత్తాను."

"మీకు కడితే మీరూ ఇలాగే అవుతారు. ఇంట్లో ఇద్దరూ తలుపు వేసుకోలేకపోతే పిల్లను చూసేదెవరు? ఇంకో మాట వినండి. ఇన్నాళ్ళూ జోషిత భయపడలేదు నిజమే. కానీ భయపడి, దాన్ని దాటి రావడం కూడా నేర్చుకోలేదు. రేపు పదేళ్ళు వస్తాయి, పదిహేను వస్తాయి. ఎప్పటికీ మీ మెదడుతోనే నిద్రపోతుందా?"

"అది సిన్నది" అన్నాడు నూకరాజు.

"ఏడేళ్ళొచ్చాయి దానికి" అంది సత్యవేణి. "దాన్నే అడుగుదాం. దాని గొంతు, దాని భయం. మనిద్దరం దానికి సెప్పకుండానే పంచీసుకుంటన్నాం."

తర్వాతి ఆపరేషన్‌కు ఇంకా నాలుగు వారాలున్నాయి. ప్రతి శనివారం మధ్యాహ్నం, థియేటర్ ఖాళీగా ఉన్నప్పుడు, జోషితను తీసుకురమ్మన్నాను. మొదటి శనివారం మాస్కు ఆమె చేతికిచ్చాను. పట్టీ కట్టినప్పటి నుంచి మాస్కు సంగతే గుర్తుండేది కాదు కాబట్టి, ఆమెకు అది దాదాపు కొత్త వస్తువు. తిప్పి చూసింది, వాసన చూసింది, మోకాలికి పెట్టుకుంది. తలుపు దగ్గర నిలబడ్డ తండ్రి మొహం గోడకు తిప్పుకోవడం కూడా చూసింది.

"నాన్నా, ఇది చూస్తే నీకేటవుతుంది?" అంది ఆ గాలి గొంతుతో.

నూకరాజు నా వైపు చూశాడు. నేను సాయం చేయలేదు. అతను వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"భయమేత్తాది అమ్మలూ."

"నువ్వు సముద్రంలో పెట్టుకుంటావు కదా?"

"పెట్టుకునీవోణ్ణి. ఇప్పుడు లేను. నీకు నిద్రమందు ఇచ్చినప్పుడు మనిద్దరికీ పట్టీలు కట్టీవారు కదా. అప్పుడు నీ భయం నాకొచ్చీసింది."

ఆ పిల్ల మాస్కును ఒళ్ళో పెట్టుకుని, దాని అంచు మీద వేలు తిప్పింది.

"నాదైతే నాకిచ్చీ" అంది.

"ఇవ్వడం అవ్వదమ్మలూ. నాకొచ్చింది నాతోనే ఉంటాది. పట్టీ లేకపోతే నీకు కొత్తది వస్తాది."

"పెద్దదా?"

"పెద్దదే."

"నువ్వు ఉంటావా?"

"ఉంటాను. కాని నేను కూడా భయపడతాను. నన్ను సూసి నవ్వకూడదు."

ఆమె నవ్వలేదు. సరేనన్నట్టు తలూపింది.

రెండో శనివారం ఆమె మాస్కును మొహానికి దగ్గరగా తెచ్చి పక్కకు తోసేసింది. మూడో శనివారం తనంతట తాను పెట్టుకుని మూడు ఊపిర్లు పీల్చింది, నాలుగో ఊపిరికి ఏడ్చింది. ఇక రానంది. అయినా నాలుగో శనివారం వచ్చింది. సత్యవేణి ఏం చెప్పి తీసుకొచ్చిందో నేను అడగలేదు.

ఆపరేషన్ రోజున పై అధికారుల దగ్గర సంతకం తీసుకుని నూకరాజును లోపలికి రానిచ్చాను. పట్టీలు లేవు. ఫరీద్ గోడ దగ్గర నిలబడ్డాడు, అతనికి అక్కడ చేసే పనేమీ లేకపోయినా. గొంతు బిగిస్తే ఇవ్వవలసిన మందులన్నీ సిరంజిలలో తీసి నా కుడిచేతి వైపు పేర్చుకున్నాను. నర్సులతో ఒక్కటే చెప్పాను. నేను అనేదాకా ఎవరూ ఆమెను పట్టుకోకూడదు.

నూకరాజు స్టూలు మీద కూర్చుని కూతుర్ని ఒళ్ళోకి తీసుకున్నాడు. థియేటర్ తలుపు మూసుకోగానే అతని మెడ మీద చెమట పట్టింది. నేను అటు చూసి సైగ చేశాను. తలుపును ఒక అడుగు మేర తెరిచి ఉంచారు. శుభ్రత నియమాల ప్రకారం అది తప్పు. ఆ నాలుగు నిమిషాలకు నేనే బాధ్యత తీసుకున్నాను.

మాస్కు జోషిత చేతికే ఇచ్చాను. పెట్టుకుంది. గ్యాస్ వాసన తగలగానే తీసేసింది. మళ్ళీ పెట్టుకుంది. తీసేసింది. కళ్ళ నిండా నీళ్ళు. ఆ చప్పుడు లేని అరుపు మళ్ళీ వచ్చింది. కాళ్ళు తన్నుకుంటున్నాయి. ఒక నర్సు ముందుకు కదిలింది. ఆగమన్నాను. నా కుడిచేయి సిరంజి మీదే ఉంది.

నూకరాజు అప్పటికే ఏడుస్తున్నాడు. ఆ మనిషి దవడలు కొట్టుకోవడం నాకు వినిపిస్తోంది. అతని చూపు మాస్కు మీద పడినప్పుడల్లా భుజాలు వెనక్కి పోతున్నాయి. అయినా లేవలేదు. "ఉన్నాను అమ్మలూ, ఉన్నాను, ఇక్కడే ఉన్నాను" అంటున్నాడు, పళ్ళ మధ్య నుంచి.

జోషిత తలెత్తి అతని మొహం చూసింది. తన్నుకోవడం ఆపింది. ఒక చేత్తో అతని గౌను గుప్పిట్లో పట్టుకుని, రెండో చేత్తో మాస్కు పెట్టుకుంది. ఈసారి తీయలేదు. వెక్కుతూనే పీల్చింది. ఎనిమిది, తొమ్మిది, పది. పద్నాలుగో ఊపిరికి ఆ చేయి జారింది, నేను మాస్కు అందుకున్నాను. గొంతు బిగియలేదు. పెదవులు గులాబీ రంగులోనే ఉన్నాయి.

పట్టీతో నిమిషం పట్టేది. ఆ రోజు నాలుగు నిమిషాలు పట్టింది. మత్తు కూడా ఎప్పటిలా పూర్తిగా ఇవ్వాల్సి వచ్చింది. నూకరాజు కూతుర్ని బల్ల మీద పడుకోబెట్టి, తన కాళ్ళతో తాను నడిచి బయటికి వెళ్ళాడు. తలుపు దాటాక మాత్రం గోడకు జారగిలబడి కూర్చుండిపోయాడని సత్యవేణి తర్వాత చెప్పింది.

అతను మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఎల్లాజీతో పాటు పడవ మీద ఉండి, కింద పనిచేసే మరో డైవర్‌కు గాలి గొట్టం చూస్తున్నాడు. మనసు డాక్టరు దగ్గరికి వారానికోసారి వెళ్తున్నాడు. మొన్న హెల్మెట్ పెట్టుకుని వీధి చివరిదాకా బండి నడిపాడట. వ్యాసాన్ని మేము మళ్ళీ రాశాం. ఈసారి దాంట్లో తల్లిదండ్రుల గురించే ఎక్కువ ఉంది. ఫరీద్ తిరుగుదారి లేని పట్టీ కోసం ఇంకా ప్రయత్నిస్తున్నాడు. కుదురుతుందని అతని నమ్మకం. నేను అవుననీ కాదనీ అనడం లేదు.

ఆ ఆపరేషన్ రోజు మధ్యాహ్నం జోషితకు మెలకువ వచ్చినప్పుడు నేను వార్డులోనే ఉన్నాను. గొంతులో పులిపిర్లు అప్పుడే గీకి తీశారు కాబట్టి ఆ రోజంతా మాట్లాడకూడదు. కళ్ళు తెరిచి ముందు తల్లిని చూసింది, తర్వాత మంచం పక్క కుర్చీలో ఉన్న తండ్రిని.

"భయమేసిందా?" అని అడిగాడు నూకరాజు.

తలూపింది. అవునని. తర్వాత వేలు అతని వైపు చూపించి కనుబొమ్మలు ఎగరేసింది.

"ఏసింది. సేలా ఏసింది" అన్నాడు.

ఆమె సెలైన్ కట్టిన చేతిని జాగ్రత్తగా ఎత్తి పట్టుకుని, గోడ వైపు జరిగి, మంచం మీద చోటు చేసింది. అంత పెద్ద మనిషి చెప్పులు విడిచి, మోకాళ్ళు ముడుచుకుని ఆ చిన్న మంచం మీదికి ఎక్కాడు. నర్సు వచ్చి దిగమని చెప్పబోయింది. నేను ఆమెను పక్కకు పిలిచి, ఇంకో పేషెంటు సంగతేదో అడిగాను.